ఆదిశేషు గారు చేపలు పట్టడానికి వెళ్ళారు

ఫోన్ మోగింది.

పరిగెత్తి అందుకోవడంలో పక్కనున్న కాఫీ గ్లాసు తన్నేశాను. కాఫీ చాపంతా పారింది. పారనీ అనుకున్నాను.

"లాంగ్ డిస్టెన్స్ అండీ. మిస్టర్ ఆదిశేషు గారికి పర్సన్ టు పర్సన్ కాల్. ఇంట్లో ఉన్నారా?" అంది ఆపరేటరమ్మ ఇంగ్లీషులో. ఆ పేరును నాలుగు ముక్కలు చేసి, ఏ ముక్కా సరిగ్గా పలకకుండా అడిగింది. అంత అందమైన తప్పు ఉచ్చారణ నేనెప్పుడూ వినలేదు.

మా ఇంట్లో ఆదిశేషు అనే మనిషి లేడు. ఏనాడూ లేడు. మా ఆయన శ్యామ్‌సుందర్‌కి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారి పేరది. ఆ పేరుతో కాల్ వస్తే శ్యామ్ క్షేమంగా ఉన్నాడని అర్థం. రామమోహనరావు గారిని అడిగితే ఏదో ఇబ్బందిలో ఉన్నాడని. అడిగిన మనిషి ఇంట్లో లేకపోతే ఫోన్ కంపెనీ డబ్బు పుచ్చుకోదు కాబట్టి, ఈ దేశంలో మనవాళ్ళు చాలామంది ఇలాగే ఉచితంగా కబురు పంపుకుంటారట. నేను అమెరికా వచ్చిన మొదటి వారమే, ఒకే దుప్పట్లో దూరి, నవ్వి నవ్వి పొట్ట నొప్పి పుట్టేదాకా ఇద్దరం ఈ పేర్లు ఖాయం చేసుకున్నాం. నేనేం జవాబు చెప్పాలో కూడా శ్యామే నేర్పాడు. ముల్లు గుచ్చుకుంటుందని చేప ముట్టని మనిషి అలాంటి జవాబు ఎలా కనిపెట్టాడా అని ఎంత ముద్దొచ్చాడో!

"ఆయన చేపలు పట్టడానికి వెళ్ళారు" అన్నాను, ఏడుస్తూ, నవ్వుతూ.

"అయ్యో, ఇంత తుఫానులోనా?" అంది ఆపరేటరమ్మ. పాపం, నిజంగా కంగారుపడింది. "మీ కారొలైనాలో పరిస్థితి బాలేదని వింటున్నాం. ఆయన వచ్చాక ఇటు ఫోన్ చేస్తారేమో, నంబరు రాసుకోండి. హెర్న్‌డన్. ఏడు సున్నా మూడు..."

"నో, నో, ఆపరేటర్, దట్స్ ఆల్‌రైట్..." వెనక నుంచి శ్యామ్ గొంతు! బతికున్న శ్యామ్ గొంతు! పక్కగదిలోంచి పిలిచినంత స్పష్టంగా ఉంది. ఆ గొంతు వింటూనే, ఆపరేటరమ్మ ఆగకుండా చెప్పుకుపోయిన నంబరంతా, అలవాటుగా చేతికి దొరికిన స్కెచ్ పెన్నుతో మ్యాపు అంచు మీద రాసేశాను. లైను కట్టయింది.

అంతకుముందు రెండు గంటలు నేను ఏ స్థితిలో ఉన్నానో మీకు చెప్పాలి. ఆ బుధవారం కూడా శ్యామ్ ఎప్పటిలాగే బ్రాంట్లీ ఊళ్ళో బట్టల మిల్లుకి, అక్కడి యంత్రాలు చూడటానికని వెళ్ళాడు. గురువారం సాయంత్రం గాని రాడు. మధ్యాహ్నం తిరిగేసరికి దక్షిణం నుంచి గాలివాన మొదలై, ఒకదాని వెనక ఒకటి టోర్నడోలు పుడుతున్నాయని రేడియో చెప్పసాగింది. నేను బందరు పిల్లని. తుఫానంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ మన తుఫాను ముందుగా కబురు పెట్టి, ఊరందరి మీదా ఒకేలా పడుతుంది. ఈ టోర్నడో అలా కాదు. వీధిలో ఒక ఇంటిని పునాదులతో ఎత్తుకుపోతుంది, పక్కింటి గుమ్మం ముందు పూలకుండీని కదిలించదు.

పెట్రోలు బంకులో ఇచ్చిన కారొలైనా రోడ్డు మ్యాపుని వంటింటి టేబుల్ మీద పరిచాను. రేడియోలో దెబ్బతిన్న ఊరి పేరు వచ్చినప్పుడల్లా, పెళ్ళికి అమ్మ పెట్టెలో సర్దిచ్చిన ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి తీసి ఆ ఊరి మీద అంటించాను. శ్యామ్ ఉన్న బ్రాంట్లీకి మాత్రం ఆకుపచ్చ బిళ్ళ. ఎర్ర బిళ్ళలు ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి, చీమల బారులా ఈశాన్యం వైపు ఎక్కుతూ వచ్చాయి. ఐదున్నర దాటాక రేడియో ఆయన బ్రాంట్లీ పేరు చెప్పాడు. మిల్లు వైపు పైకప్పులు లేచిపోయాయన్నాడు. ఎర్ర బిళ్ళ నా వేలి చివర అంటుకుని ఉండిపోయింది. ఆకుపచ్చ బిళ్ళ మీద అది పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

అప్పుడే ఈ ఫోన్.

"లీలక్కా! ఆదిశేషు! ఆదిశేషు!" అని అరుస్తూ వెళ్ళి లీలక్కని వాటేసుకున్నాను. నాకు ఈ మోరిస్‌విల్‌లో అమ్మ, అక్క, అత్తగారు అన్నీ ఆవిడే. డాక్టర్. మాకు మూడు ఇళ్ళ అవతల ఉంటారు. వాళ్ళాయన కృష్ణమూర్తి గారు ఆస్పత్రి డ్యూటీలో ఉండటంతో, గాలి మొదలు కాగానే నాకు తోడుగా వచ్చి కూర్చున్నారు.

"చెప్పానుగా, శ్యామ్‌కేం కాదని" అంది వీపు నిమురుతూ. "నువ్వే ఊరికే హైరానా పడ్డావు. పద, ముందా కాఫీ తుడుద్దాం."

ఇద్దరం తుడిచాం. నేను పకోడీలకి పిండి కలిపాను, మొగుడు బతికొచ్చాడన్న ఆనందంలో రెండు ఉల్లిపాయలు ఎక్కువే తరిగాను. వేలికున్న ఎర్ర బిళ్ళని నా నుదుటనే పెట్టుకున్నాను, పాత బిళ్ళ పక్కన. "ఏమిటే ఆ అవతారం?" అని లీలక్క నవ్వింది. రేపు వస్తే ఆయన్ని ఏమేమి తిట్టాలో, తిట్టాక ఏం వండిపెట్టాలో చెప్పుకుంటూ పోతున్నాను.

"అయినా చూడండి లీలక్కా, ఊరు ఊరంతా ఎగిరిపోతే కూడా ఈయనకి పొదుపే! నోరారా ఒక్క నిమిషం మాట్లాడితే ఏం పోయింది? ఆదిశేషు గారట!"

లీలక్క నవ్వలేదు. గ్యాసు మంట తగ్గించింది.

రేడియోలో ఆయన మళ్ళీ బ్రాంట్లీ గురించి మొదలుపెట్టాడు. బ్రాంట్లీలో మీ బంధువులుంటే ఫోన్ చేసి లైన్లు నింపకండి, అక్కడికి ఏ కాలూ వెళ్ళదు, అక్కడి నుంచి ఏ కాలూ రాదు, మొదటి దెబ్బకే టెలిఫోన్ ఎక్స్‌చేంజి కూలిపోయింది, కబుర్లన్నీ ఇళ్ళల్లో సొంత వైర్‌లెస్ సెట్లు పెట్టుకున్న హామ్ రేడియో వాళ్ళ ద్వారానే వస్తున్నాయి అన్నాడు.

చిల్లుల గరిటె నూనెలో ఉండగానే మ్యాపు దగ్గరికి వచ్చాను.

ఏడు సున్నా మూడు. టెలిఫోన్ డైరెక్టరీ మొదటి పేజీల్లో ఏ రాష్ట్రానికి ఏ నంబరో బొమ్మ వేసి ఉంటుంది. వచ్చిన కొత్తలో ఆ పేజీ చూసి ఎంత మురిసిపోయానో, ఒక్క బొమ్మలో దేశమంతా! వేలు పెట్టి వెతికాను. ఏడు సున్నా మూడు వర్జీనియా. హెర్న్‌డన్ అంటే ఆపరేటరమ్మ కూర్చునే ఆఫీసు ఊరు కాబోలు అనుకున్నాను. కాదు. కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఊరు.

"లీలక్కా, హెర్న్‌డన్‌లో ఏముంది?"

లీలక్క చేతిలో పకోడీ నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఏముంటుంది, వాషింగ్టన్ పక్కన ఊరు" అంది. ఎందుకడుగుతున్నావని మాత్రం అడగలేదు.

అడగాలి కదా? ఏమీ తెలియని మనిషి అయితే ముందు అదే అడుగుతుంది.

"మీకు తెలుసు" అన్నాను.

ఆవిడ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే రేడియోలో పీఁ మని పొడుగాటి మోత. ఈసారి మా కౌంటీ పేరే, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మోరిస్‌విల్ చుట్టుపక్కల వాళ్ళు కిటికీలు లేని గదిలోకి తక్షణం వెళ్ళాలి. లైట్లు ఒక్కసారి పెద్దగా వెలిగి ఆరిపోయాయి. బయట ఆకాశం వంకాయ రంగులోకి తిరిగింది.

లీలక్క పొయ్యి కట్టేసి నా రెక్క పుచ్చుకుని లాగింది. ఇద్దరం మంచం మీది పరుపు ఊడదీసి, ఈడ్చుకుంటూ బాత్‌రూమ్‌లోకి దూరాం. ఈ దేశంలో నేనూ శ్యామూ కలిసి కొన్న మొదటి వస్తువు ఆ పరుపు. టబ్బులో మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చుని దాన్ని నెత్తి మీదకి లాక్కున్నాం. చీకటి. లీలక్క ఒంటి మీది డెట్టాల్ వాసన, నా చేతుల ఉల్లిపాయ వాసన. ఆ మనిషి మొహం చూడకూడదు అనుకున్న క్షణంలోనే ఆ మనిషి ఊపిరి నా చెంప మీద.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"రేణూ, తల వంచు."

"ఎప్పటి నుంచి?"

"వంచవే ముందు! చెప్తాను, వంచు!"

వంచాను.

"జనవరిలో శ్యామ్ ఉద్యోగం పోయింది" అంది లీలక్క. "వాళ్ళ కంపెనీ ఇక్కడి ఆఫీసు ఎత్తేసింది. మిల్లూ లేదు, బ్రాంట్లీ లేదు. హెర్న్‌డన్‌లో ఎవరో తెలిసినవాళ్ళు ఉద్యోగం చూస్తున్నారట, వారం వారం వెళ్ళి కలుస్తున్నానని చెప్పాడు. మా ఇంటికొచ్చి మా ఇద్దరి చేతులూ పట్టుకున్నాడే. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, ఇక్కడ ఏది చూసినా సంబరపడుతోంది, ఆ సంబరం పాడు చెయ్యలేనక్కా, ఉద్యోగం దొరికిన రోజే చెప్పేస్తాను, అప్పటిదాకా మీ నోటి నుంచి రానివ్వకండి అన్నాడు. సరేనన్నాను."

జనవరి. అంటే ఈ బుధవారాలన్నీ. పొద్దున్నే లేచి నేను కట్టిచ్చిన పులిహోర డబ్బాలన్నీ. బ్రాంట్లీ మిల్లులో ఫోర్‌మన్‌కి నా పులిహోరంటే ప్రాణమనీ, బుధవారం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడనీ శ్యామ్ చెబితే, ఆ ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఒకసారి జీడిపప్పు కూడా వేశాను. అసలు ఆ ఫోర్‌మనే లేడు!

"ఉద్యోగం పోవడం తప్పా లీలక్కా? నాతో చెబితే నేనేమైనా తాళి తెంపి చేతిలో పెడతానా?"

"అదే నేనూ అన్నాను. వినలేదు."

"ఆయన సంగతి తర్వాత. మీ సంగతి చెప్పండి." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆయన హెర్న్‌డన్‌లో ఉన్నాడని ఇవాళ మీకు తెలుసు. రెండు గంటలు నా ఎదురుగా కూర్చున్నారు. బ్రాంట్లీ మీద ఎర్ర బిళ్ళ పెట్టాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే చూశారు. నేను మొక్కిన మొక్కులన్నీ విన్నారు. ఆ గాలివాన దరిదాపుల్లో ఆయన లేడని తెలిసి కూడా, హైరానా పడకు హైరానా పడకు అని వీపు నిమిరారు!"

"ఫోన్ చేస్తాడు, దాంతో నీ మనసు కుదుటపడుతుంది అనుకున్నాను..."

"చెయ్యకపోతే?"

ఆవిడ పరుపు అంచుని ఇంకా కిందికి లాగింది.

"చెయ్యకపోతే నన్ను ఎంతసేపు ఏడవనిచ్చేవారు?"

"మాటిచ్చానే రేణూ." లీలక్క నా మోచెయ్యి పట్టుకుంది. "ఇచ్చి తప్పలేకపోయాను. తప్పయింది."

"ఆయనకి మాటిచ్చారు. నాకేమిచ్చారు?"

అప్పుడొచ్చింది అది. మా బందరులో బియ్యం మిల్లు గోడ పక్కనే మా బడి. ఆ మిల్లుని పెకలించి తెచ్చి నెత్తి మీద తిప్పుతున్నట్టు మోత. చెవుల్లో ఏదో లాగినట్టయింది. ఎక్కడో గాజు పగిలింది, ఇంకెక్కడో చెక్క విరిగింది, పరుపు మా పట్టు వదిలించుకుని పైకి లేవబోయింది. లీలక్క నా మీద పూర్తిగా వాలిపోయి, రెండు చేతులతో నా తల కప్పేసింది. ఆ చేతుల్ని విసిరికొట్టాలి అనుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను.

ఎంతసేపో తెలియదు. మోత రైలుపట్టాల అవతలికి జరిగి, సన్నబడి, వాన చప్పుడులో కలిసిపోయింది. నా తల మీది చేతుల్ని నెమ్మదిగా విడిపించుకుని లేచాను. ఆవిడ నుదుటి మీద పరుపు జిప్పు గీరుకుని రక్తం చెమ్మ. నా కొంగుతో ఒత్తాను. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

వంటింటి కిటికీ లేదు. ఎదురుగా పైను చెట్టు సగానికి విరిగి లీలక్క కారుకి జానెడు దూరంలో పడి ఉంది. టేబుల్ మీద మ్యాపు తడిసి ముద్దయింది కానీ బొట్టుబిళ్ళలు ఒక్కటీ ఊడలేదు. అమ్మ ఎప్పుడూ మంచి రకమే కొంటుంది. స్కెచ్ పెన్ను అంకెలు చెదిరినా చదవడానికి వస్తున్నాయి.

ఫోన్ ఎత్తి చూశాను. డయల్ టోన్ ఉంది.

"శ్యామ్‌కేనా? చెయ్యి. మనం బాగున్నామని చెప్పు. తర్వాత ఎంత కావాలంటే అంత తిట్టు" అంది లీలక్క.

నేను ఆపరేటర్ కోసం సున్నా తిప్పాను. నంబరు చెప్పి, "పర్సన్ టు పర్సన్. మిస్టర్ ఆదిశేషు గారు కావాలి" అన్నాను. లీలక్క తెల్లబోయి చూసింది. ఆయన ఎత్తితే ఆ ఒక్క పేరు చాలు. నువ్వెక్కడున్నావో నాకు తెలుసని చెప్పినట్టే. నా గొంతు వినే అదృష్టం ఆయనకి ఇవాళ అక్కర్లేదు. ఇవాళ ఆయన కూడా నాతో ఒక్క మాట మాట్లాడలేదు కదా.

రింగయింది. ఎవరో ఎత్తారు. లీలక్క కూడా చెవి ఆనించింది.

"మిస్టర్ ఆదిశేషు గారికి కాల్. ఉన్నారా?" ఆపరేటర్ అడిగాడు.

"సారీ" అంది ఒక ఆడగొంతు. ముసలి గొంతు కాదు. మరీ చిన్నపిల్లా కాదు. ఇంగ్లీషే గాని తెలుగు యాస. ఆవలిస్తూ, రోజూ చెప్పే పాఠంలా అనేసింది. "ఆయన చేపలు పట్టడానికి వెళ్ళారు."

రిసీవర్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

ఆ గొంతు ఫోన్‌కి దూరంగా జరిగి, తెలుగులో, నవ్వుతూ కేకేసింది. "శ్యామూ! ఎవరో క్షేమంగా చేరారట! ఇవాళ మనవాళ్ళు ఎవరు ప్రయాణం కట్టారోయ్?"

"ఎవరూ లేరే..." అన్నాడు శ్యామ్, లోపలెక్కడి నుంచో, హాయిగా, నోట్లో ఏదో నములుతూ. తర్వాత ఏదో కింద పడిన చప్పుడు. నమలడం ఆగింది.

"ఆయన లేరటండీ" అన్నాడు ఆపరేటర్ మర్యాదగా. "ఏమైనా చెప్పమంటారా?"

"అక్కర్లేదు" అని పెట్టేశాను.

ఆ దుప్పట్లో మేం కనిపెట్టామనుకున్నాను ఆ మాటని. నేను నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే శ్యామ్ కూడా, అప్పుడే తట్టినట్టు, అంతే నవ్వాడు. అది వేరే ఇంట్లో వాడి వాడి అరిగిపోయిన జవాబు. నాకు ఇచ్చేటప్పుడు కొత్తదని చెప్పి ఇచ్చాడు.

"రేణూ..." లీలక్క మొహం పాలిపోయింది. "ఎవరే ఆవిడ? నాకు ఉద్యోగమనే చెప్పాడు. నీ మీద ఒట్టు, ఇది నాకు తెలియదు."

"తెలియదని మీ మొహంలో కనిపిస్తోంది. ఇందాకటి నుంచి చూస్తున్నానుగా, తెలిసినప్పుడు ఎలా ఉంటుందో."

ఆవిడ తల దించుకుంది. "తొందరపడకు. రేపు అతను రానీ. లేదా ఇప్పుడే మళ్ళీ ఫోన్ చేసి గట్టిగా అడుగు."

"ఫోన్‌లో ఆయన అబద్ధం చెప్పడు లీలక్కా. ఆపరేటర్ చేత చెప్పిస్తాడు."

నుదుటి మీద అదనంగా పెట్టుకున్న ఎర్ర బిళ్ళని గోటితో లేపాను. మ్యాపు మీద హెర్న్‌డన్ లేదు, కారొలైనా గీత దగ్గరే కాగితం అయిపోయింది. ఆ పైన, ఉత్త టేబుల్ మీద, ఎక్కడుంటుందో అంచనా వేసి, తడి తుడిచి అంటించాను. గట్టిగా నొక్కాను.

"మీ కారు తాళాలు ఇవ్వండి."

"ఏమిటీ? నీకు లైసెన్సు వచ్చి వారం కాలేదు! ఇప్పుడు రోడ్లన్నీ చెట్లే!"

"ఇప్పుడు కాదు. రేపు తెల్లవారగానే. చెట్లు పడింది తూర్పున, నేను వెళ్ళేది ఉత్తరానికి." చెయ్యి చాపాను. "మీరు రావద్దు. ఇక్కడే, ఈ ఫోన్ దగ్గరే కూర్చోండి. ఆయన తప్పకుండా చేస్తాడు. ఈసారి మాట నాకివ్వండి."

లీలక్క హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, తాళాలు తీసి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇచ్చాను. ఫోనొస్తే ఏం చెప్పమంటావు?"

"రేణు చేపలు పట్టడానికి వెళ్ళిందని చెప్పండి."